కట్టుబట్టయు గడచిన కాలమును



మాది కోరుకొండ. రాజమహేంద్రవరమునకు ఆరు క్రోసుల దూరమున నున్న ఊరు. 14వ శతాబ్దమున ముమ్మడినాయకుడు ఏలిన స్థలము. కొండమీద శ్రీ లక్ష్మీనరసింహస్వామి వేంచేసియున్నాడు. స్వామి సన్నిధికి పోవలెనన్న ఆరువందలకు పైబడిన మెట్లు ఎక్కవలెను. ఫాల్గుణమాసమున కల్యాణోత్సవము జరుగునపుడు చుట్టుప్రక్కల గ్రామముల జనమంతయు మా ఊరికి తరలివచ్చును. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు నేనును ఎక్కితిని. ఇప్పుడు మెట్ల మొదట ఒక రాతిమీద కూర్చుండి, ఎక్కువారిని దిగువారిని చూచుచు స్వామిని మనసున తలచుకొందును.

కిందటి తీర్థమున ఒక యువకుడు మెట్లవైపు వచ్చుచుండగా చూచితిని. అతని ప్యాంటు రెండు మోకాళ్ళ దగ్గర చినిగి దారములు వ్రేలాడుచున్నవి. పాపము, ఎక్కడనో పడినాడని జాలిపడి, "నాయనా, పడ్డావా? దెబ్బ తగిలిందా?" అని అడిగితిని. అతడు నవ్వి, "లేదండి తాతగారూ, ఇవి ఇలాగే అమ్ముతారండి. చిరుగులున్నవాటికే ధర ఎక్కువండి" అనెను.

ఆ మాట విని నేను నివ్వెరపోతిని. ప్రక్కనున్న నా ఈడువారు ఇరువురు "కలికాలము" అనిరి. నేనును తల యూపితిని. ఇంటికి వచ్చిన పిమ్మట మాత్రము ఒక సందేహము పుట్టినది. నేను తల యూపినది దేనికి? ఆ చిరుగునకా, లేక నా కాలము పోయినదన్న దిగులునకా? ఈ సందేహమును గూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

మా తాతగారు పంచె, ఉత్తరీయము తప్ప మరియొకటి ఎరుగరు. శిరస్సున పిలక, చెవులకు పోగులు, నుదుట విభూతి. ఒంటిమీద చొక్కా యుండెడిది కాదు. చలికాలమున దుప్పటి కప్పుకొనెడివారు. మా తండ్రిగారు హైస్కూలులో చదువుచుండగా పిలక తీయించి క్రాపు చేయించుకొని ఇంటికి వచ్చిరట. తాతగారు వారము దినములు కుమారునితో మాటలాడలేదట. "తల కొరిగించుకొనుటకు నేనింకను బ్రతికియే యున్నానుగదా" అని మా నాయనమ్మతో వాపోయిరట. ఆ క్రాపు తల తండ్రిగారే, నేను కళాశాలలో నుండగా ఒకనాడు ప్యాంటు తొడుగుకొని వచ్చిన, కన్నెత్తి చూడక, "ఈ గొట్టములలో కాళ్ళు దూర్చుకొని భోజనమునకు ఎట్లు కూర్చుందువురా?" అని అడిగిరి. నేను సిగ్గుపడి పంచెకు మారి, ఉద్యోగకాలమంతయు పంచెలోనే గడపితిని. ఇప్పుడు నా మనుమడు చిరుగుల ప్యాంటు తొడిగిన, తండ్రిగారి కనుబొమలు నా మొగమున ముడివడుచున్నవి. మూడు తరములలో వేషములు మూడు మారినవి కాని, కోపము మాత్రము ఒక్కటే. దాని నెవ్వరును మార్చలేదు.

ఈ కోపము మా యింట పుట్టినదని తలపకుడు. మన రాజమహేంద్రవరపు రెడ్డిరాజు వీరభద్రునకు కాశీఖండము నంకితమిచ్చిన శ్రీనాథ మహాకవి, కర్ణాట రాజసభకు పోయినపుడు అక్కడి మర్యాద ననుసరించి తలపై కుళ్ళాయి పెట్టి, కోక చుట్టి, పొడవైన అంగీ తొడుగవలసివచ్చెనని వాపోయినట్లు ఒక చాటువు ప్రసిద్ధమై యున్నది. అది 15వ శతాబ్దపు మాట. కుళ్ళాయి యనునది పారసీకుల 'కులాహ్' అను టోపి. నాటి కొలువులలో అది నూతన నాగరికత. మన కవిసార్వభౌమునకు అది తలభారమాయెను. తరువాతి శతాబ్దమున లేపాక్షి ఆలయపు పైకప్పున చిత్రకారులు వ్రాసిన బొమ్మలు చూడుడు. పొడవైన కుళ్ళాయిలు ధరించిన ప్రభువులు దేవుని సన్నిధిని చేతులు జోడించి నిలిచియున్నారు. నూరేండ్లు గడచునప్పటికి ఆ వింత వేషమే గౌరవవేషమైనది.

మాటలను విచారించినను ఇదియే తేలును. నేడు 'చీర' యన్న స్త్రీల వస్త్రమే. కాని శ్రీరాముడు నారచీరలు ధరించి అడవికేగెనని మనము చిన్ననాటినుండి వినుచున్నాము కదా! పూర్వము చీర యనగా వస్త్రమని మాత్రమే అర్థము. కట్టువారు పురుషులైనను స్త్రీలైనను ఒక్కటియే. కోకయు అట్టిదే. శ్రీనాథుడు చుట్టుకొనినది కోకయేయని ఇప్పుడే చెప్పితిని. ఇక మన 'జుబ్బా' అరబ్బుల మాట. 'రుమాలు' అనగా పారసీకమున ముఖము తుడుచుకొను గుడ్డ. 'పైజామా' అనగా కాళ్ళకు తొడుగు వస్త్రము. దానిలోని 'జేబు' కూడ అరబ్బులదే. చాకలి పెట్టు 'ఇస్త్రీ'ని పోర్చుగీసువారి మాటగా చెప్పుదురు. కనుక జుబ్బా తొడిగి, ఇస్త్రీచేసిన కండువా వేసికొని, జేబులో రుమాలు పెట్టుకొని, "మన పూర్వుల వేషము చెడిపోయినది" అని నిట్టూర్చు పెద్దమనిషి, ఎన్ని దేశముల ఋణమును ఒంటిమీద మోయుచున్నాడో ఎరుగడు.

అమరావతి స్తూపమునకు చెక్కిన శిల్పములు నేడు చెన్నపట్టణపు మ్యూజియమునను, లండనులోని బ్రిటిషు మ్యూజియమునను ఉన్నవి. వానియందు మన పూర్వులను చూతము. పురుషులకు నడుమున వస్త్రము, తలకు పెద్ద పాగా. ఒంటిమీద అంగీ లేదు. స్త్రీలకు కాళ్ళ నిండ కడియములు, నడుమున మొలనూళ్ళు. రవిక యన్నది అరుదు. పూర్వాచారమే ప్రమాణమన్నవారు ఎచ్చట ఆగుదురు? తాతనాటి వేషమునొద్దనా, అమరావతినాటి వేషమునొద్దనా? వందేండ్ల క్రిందటి చదువుకొనినవారి వేషము జ్ఞాపకము చేసికొనుడు. దిగువ పంచె, నడుమ ఇంగ్లీషు కోటు, పైన తలపాగా. మూడు లోకముల కలయికవంటి ఆ వేషమును ఆనాటి పెద్దలు ఎగతాళి చేసిరి. నేడు ఆ ఛాయాపటములను మనము గోడకు తగిలించి పూలదండలు వేయుచున్నాము.

స్త్రీల కట్టును గూర్చి పెద్దలు మరియు ఎక్కువగా బాధపడుచుందురు. మా నాయనమ్మ ఎనిమిది గజముల చీర గోచిపెట్టి కట్టెడిది. మా అమ్మనాటికి గోచి పోయి కుచ్చిళ్ళు వచ్చినవి, గజములు ఆరింటికి దిగినవి. కుచ్చిళ్ళు పోసి, రవిక తొడిగి, ఎడమభుజముపై పైట వేసికొను తీరు నేడు దేశమంతట గౌరవవేషమై యున్నది కదా. వంగదేశమున ఠాకూరుల ఇంటి కోడలు జ్ఞానదానందినీదేవి, 1860ల దశాబ్దమున బొంబాయిలో చూచి, ఇటువంటి కట్టును తనవారికి నేర్పినపుడు అదియొక సాహసము. ఈ కట్టునకు వస్త్రచరిత్ర వ్రాయువారు 'నీవి' యని పేరిడి, దానిని మన ఆంధ్రదేశపు కట్టుగా చెప్పుదురు. సంస్కృతమున నీవి యనగా నడుమునొద్ద ముడి, మన పోకముడి. ఎప్పుడో మన పల్లెపడుచు వేసికొన్న ముడి నేడు ఢిల్లీ సభలలో నిలిచినది. ఒకచోట పాతదైనది మరియొకచోట క్రొత్తదగును. కాలము వేషమును పారవేయుటలేదు, చేతులు మార్చుచున్నది.

ఇంత తెలిసియు మనసు పాతదానినే ఏల పట్టుకొని యుండును? దీనికి కారణము సులభము. మా యింట ఒక పాత భోషాణము కలదు. అందులో మా తండ్రిగారి పెద్దాపురపు పట్టుపంచె యున్నది. దానిని విప్పినపుడు కర్పూరపు వాసనతోపాటు ఆయన సంధ్యావందనపు కంఠస్వరము వినవచ్చును. అంచుమీది పసుపుమరక మా అక్కగారి పెండ్లినాటిది. పట్టు ఎంత పాతదో నేను చూచుట లేదు, దానిని కట్టినవానిని చూచుచున్నాను. పాత వేషముమీది మమకారము నిజమునకు పోయిన మనుష్యులమీది మమకారము. ఇది తప్పు కాదు. కాని ఆ మమకారమును తీర్పుగా మార్చి, ఎదుటనున్న పిల్లవానిమీద విసరుటయే తప్పు. నేనట్లు ఒకప్పుడు విసరితిని. ఆ కథ చెప్పుటకు ముందు గుడ్డకథ కొంత చెప్పవలసియున్నది.

మన తీరదేశపు వస్త్రములకు లోకమున రెండువేలయేండ్ల కీర్తి కలదు. క్రీస్తుశకము 1వ శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన గ్రంథమున మన తీరమును 'మసాలియా' యని పేర్కొని, అచ్చట సన్నని వస్త్రములు విరివిగా నేయుదురని చెప్పియున్నాడు. 17వ శతాబ్దమున ఇంగ్లీషువారు నరసాపురము చేరువ మాధవాయపాలెమున వర్తకశాల పెట్టి అచ్చటి మెత్తని నూలుగుడ్డను ఓడల కెత్తిరి. వారి నోట మాధవాయపాలెము 'మడపొల్లాము' అయ్యెను, ఆ గుడ్డకే ఆ పేరు నిలిచెను. తరువాతి కాలమున ఇంగ్లండు మిల్లులలో నేసిన గుడ్డను సైతము మడపొల్లామనియే అమ్మిరి. మన గోదావరి పల్లె పేరు పెట్టుకొని, మన మగ్గముతో సంబంధము లేని గుడ్డ లోకమంతయు తిరిగినది.

1813లో కంపెనీ గుత్తవర్తకము రద్దయినది. 1833 శాసనముతో కంపెనీ వర్తకమే నిలిచిపోయినది. అటుపిమ్మట ఇంగ్లండు మిల్లునూలు, మిల్లుగుడ్డ వరదగోదావరివలె వచ్చిపడినవి. గుంటమగ్గమున కూర్చుండి, కాళ్ళతో త్రొక్కుచు, ఒక చేత నాడె విసరుచు, మరియొక చేత అచ్చు లాగుచు దినమంతయు శ్రమించువాడు ఆవిరియంత్రముతో ఎట్లు పోటీపడగలడు? సన్ననూలు నేత యెంత పనియో ఒక లెక్క చెప్పెదను. 840 గజముల నూలు ఒక చిలప. పౌనుకు ఎన్ని చిలపలు తూగునో అదియే ఆ నూలు నంబరు. నూరవ నంబరు నూలనగా పౌనులో 84,000 గజముల దారము. అనగా దాదాపు 48 మైళ్ళు. రాజమహేంద్రవరమున ఒక కొస పట్టుకొని బయలుదేరిన, కాకినాడ చేరియు ఇంకను దారము మిగులును. అంత దారమును తెగనీయక గంజిపెట్టి, పడుగు పోసి, పేక నేసినవాని పంచెను మనము భుజముమీద వేసికొని అతని పేరైన అడుగలేదు.

పరదేశపు గుడ్డను మానవలెనన్న ఉద్యమము 1905లో వంగదేశమున పుట్టినది. 1907లో బిపినచంద్రపాలుగారు రాజమహేంద్రవరము వచ్చి ఉపన్యసింపగా, చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు తెనిగించిరి. 1921 సెప్టెంబరు 22వ తేదీని మధురలో గాంధిమహాత్ముడు చొక్కా, టోపి విసర్జించి, బీదవానివలె కొల్లాయిగుడ్డ ధరించెను. మా కోరుకొండకు చేరువనే, సీతానగరమున, డాక్టరు బ్రహ్మజోస్యుల సుబ్రహ్మణ్యముగారు 1924లో గౌతమీ సత్యాగ్రహాశ్రమము స్థాపించిరి. అచ్చట రాట్నములు తిరిగినవి. ఆ దినములలో ఖద్దరు ధరించుట పాతదనము కాదు, సాహసముతో కూడిన క్రొత్తదనము. వేషమును చూచి గాక, దాని వెనుకనున్న చేతిని చూచి గుడ్డను ఎన్నుకొనిన కాలము మన దేశమున అది యొక్కటియే యనవచ్చును.

ఆ కాలమును గడచిపోయినది. 1941లో విన్‌ఫీల్డు, డిక్సను అను ఇరువురు ఇంగ్లీషు శాస్త్రజ్ఞులు, ఒక మాంచెస్టరు సంస్థలో పనిచేయుచు, టెరిలిన్ అను కృత్రిమపు దారమును కనిపెట్టిరి. ప్రత్తి అక్కరలేదు, గంజి అక్కరలేదు. తడిపిన క్షణములో ఆరును, నలగదు, ఏండ్లతరబడి చిరుగదు. అది మన పల్లెలకు వచ్చినపుడు, టెరిలిన్ చొక్కా తొడిగినవాడే దొర. సినిమాలో నాయకుడు తొడిగినదానిని దరజీలు నెల తిరుగకుండ కుట్టియిచ్చిరి. చిత్ర మేమనగా, త్వరగా చిరుగు నూలుపంచె మా యింట పదియేండ్లు నడచెడిది. ముందు కట్టుపంచె, తరువాత తువాలు, తరువాత పసిపిల్లల ఉయ్యాల, ఆ పిమ్మట బొంత, కడకు దీపపు వత్తులు. చిరుగని గుడ్డ వచ్చిన తరువాత, ఏడాదికే పెట్టె అడుగున పడుచున్నది. గుడ్డ చిరుగుటకు ముందే మనసు విరుగుచున్నది. ఫ్యాషను పరుగెత్తుటకు కారణము పిల్లల చపలత్వము మాత్రమే కాదు. గుడ్డ చవకయైనది, దాని వెనుక చేయి కనబడుట మానినది.

ఇక నా కథ. అది 1982వ సంవత్సరము. నాకు ఇరువదినాలుగేండ్లు. గోదావరి ప్రక్క ఒక గ్రామమున తెలుగు పండితుడనై యేడాదియైనది. తెల్లని పంచె, జరీయంచు ఉత్తరీయము ధరించి, నడచు పద్యమునైనట్లు బడికి పోవుచుంటిని. ఆనాడు పిల్లలకు బెల్‌బాటము ప్యాంట్ల వ్యామోహము. పూర్వము ఓడపనివారు తొడిగిన ఆ వెడల్పు కాళ్ళ ప్యాంటు 1960ల చివర దేశదేశములలో ఫ్యాషనై, మన పల్లెకు చేరునప్పటికి పట్టణములలో పాతబడియుండెను. తొమ్మిదవ తరగతిలో నొక పిల్లవాడు, చదువున చురుకైనవాడు, ఒకనాడు నేల నూడ్చుచున్న బెల్‌బాటముతో తరగతికి వచ్చెను. తక్కిన పిల్లలు నవ్విరి. నాకు కోపము వచ్చెను. "వేషము మీద మనసున్నవానికి విద్య అంటదు. ఆ చీపుళ్ళు విప్పి మనుష్యునివలె రమ్ము" అని అందరియెదుట చెప్పి, తరగతి బయట నిలువబెట్టితిని. మరునాడు వాడు రాలేదు. ఆ మరునాడును రాలేదు.

పది దినములైన పిదప నేనే వాని యింటికి పోతిని. తండ్రి నేతగాడు. ఇల్లు చిన్నది. అందులో సగము మగ్గపు గుంటయే. మగ్గము మీద పడుగు లేదు. ఆయన నాకు పీట వేసి, తాను గుమ్మమునొద్ద నిలబడి, "మా వోడు సూరత్ ఎల్లిపోయాడండి పంతులుగారూ. వాళ్ళ మేనమామ దగ్గరికండి" అనెను. సూరతులో మరమగ్గములమీద పనికి మనవారెందరో పోవుచుండిరి. ఆ ప్యాంటుగుడ్డయు ఆ మేనమామ పంపినదే. ఆ యేడు వానికి దొరికిన క్రొత్తబట్ట అదియొక్కటే. నేను తడబడి, వేషమును గూర్చి, సంప్రదాయమును గూర్చి ఏదో చెప్పబోతిని. ఆయన కోపపడలేదు. నా పంచె యంచును వ్రేళ్ళతో పట్టి చూచెను. నేతగాడు గుడ్డను పట్టిచూచు తీరు వేరు. చూచి, మెల్లగా ఇట్లనెను:

"వాడి ప్యాంటు మిల్లుగుడ్డేనండి, నిజమే. తమరు కట్టుకున్న పంచె మాత్రం? ఇదీ మిల్లుదే కదండీ. నేను నేసింది కట్టేవాళ్ళు ఉంటే వాడు సూరత్ ఎందుకెళ్తాడండి?"

నేను ఆ పంచెను చూచుకొంటిని. అంచున మిల్లు ముద్ర స్పష్టముగా నున్నది. ప్రతిదినము కట్టుచు నేనెన్నడును దానిని చదువలేదు. పూర్వాచారమును ఒంటిమీద మోయుచున్నానని గర్వించితిని. నేను మోసినది ఆచారపు ఆకారము మాత్రమే. దానిని నిలబెట్టిన చేయి నా యెదుటనే పనిలేక నిలిచియున్నది. ఆ చేతి కుమారుని నేనే బడినుండి వెడలగొట్టితిని. ఆ పిల్లవానిని నేను మరల చూడలేదు. కొన్నియేండ్లకు ఆ త్రోవను పోవుచు చూడగా, మగ్గపు గుంటను మన్నుతో పూడ్చి దానిమీద మంచము వేసియున్నారు.

నలువదియేండ్లకు పైబడి ఈ మాట నా మనసున తిరుగుచున్నది. దానినుండి నేను నేర్చినది మీకు మనవి చేసెదను. కాలముతోపాటు పోవునవి అన్నియు ఒక్క జాతివి కావు. వేషము పోవును. అది పోవలసినదే. ఆకు రాలినట్లు రాలి మరియొకటి చిగిర్చును. దానికై దుఃఖించుట, కోపించుట వ్యర్థము. కాని వృత్తి పోవుట ఆకు రాలుట కాదు, వేరు తెగుట. తండ్రి కొడుకునకు చేతితో నేర్పిన పని ఒక్క తరము ఆగినచో, ఏ గ్రంథము చదివియు దానిని మరల నేర్వలేము. మనము వేషము కొరకు కన్నీరు కార్చుచు, వృత్తి పోవునపుడు ప్రక్కకు తిరిగియుంటిమి.

ఈ వేరు అంతటను తెగలేదు. కాకినాడకు చేరువనున్న ఉప్పాడను చూడుడు. అచ్చటి జాందానీ నేతలో పూలను, లతలను కుట్టరు, అద్దరు. పేక నడచుచుండగానే, వేరువేరు చిన్న కండెల దారములను చేతితో పడుగులో దూర్చి పూవును నేతలోనే పుట్టింతురు. ఒక్కొక్క చీరకు వారములు, పని ఎక్కువయైనచో నెలలు పట్టును. అడుగంటుచున్న ఆ విద్య తిరిగి తలయెత్తినది. 2009లో ఉప్పాడ జాందానీ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఆ చీరను కొనువారు మన నాయనమ్మలవలె గోచిపెట్టి కట్టుట లేదు. వారికి నచ్చిన రంగులు, వారి కాలపు తీరులు. కట్టు మారినది, చేయి నిలిచినది. మన బండారులంకయు, పెద్దాపురమును చేనేతకు పేరుపడినవే కదా. అచ్చటను నిలువవలసినది ఇదియే.

ప్రభుత్వమును కొంత చేసినది. పంచె, చీర, తువాలు మొదలగు కొన్ని రకములను చేనేతకే ప్రత్యేకించుచు 1985లో ఒక శాసనము వచ్చినది. మరమగ్గపు గుడ్డను చేనేతయని నమ్మించి అమ్మకుండుటకై 2006లో 'చేనేత గుర్తు' ఏర్పాటైనది. కొనునపుడు ఆ గుర్తును అడుగవచ్చును. 1905 ఆగస్టు 7వ తేదీని కలకత్తాలో స్వదేశీవ్రతము ప్రకటించిన దానికి జ్ఞాపకముగా, 2015నుండి ఆ దినమును జాతీయ చేనేత దినముగా జరుపుచున్నారు. కాని శాసనము పడుగు పోయజాలదు, దినోత్సవము నాడె విసరజాలదు. కొను చేయి లేనిదే నేయు చేయి నిలువదు.

కనుక పెద్దలకు నా విన్నపములు మూడు. మొదటిది: పిల్లల వేషమును చూచి కోపపడకుడు. మీ తండ్రిగారు మీపై కోపపడిన దినమును తలచుకొని నవ్వుకొనుడు. రెండవది: ఇంటిలోని పాత పెట్టెను ఏడాదికొకసారి పిల్లల యెదుట తెరువుడు. ఇది ఎవరిది, ఎచ్చట నేసినది, ఏ పెండ్లికి కట్టినది, దీనిని ఎట్లు కట్టుదురు అని చెప్పుడు. కట్టుమని బలవంతపెట్టకుడు, కథ చెప్పి ఊరకుండుడు. కథ విన్న పిల్లవాడు ఎన్నడో ఒకనాడు తానే అడుగును. మూడవది: ఏడాదికి ఒక్కటియైనను మగ్గపుగుడ్డ కొనుడు. దుప్పటియైనను సరే, తువాలైనను సరే. వీలైనచో నేసినవాని పేరు అడుగుడు. ఇది దానము కాదు, ఋణము తీర్చుకొనుట.

ఇక మెట్లదగ్గరి యువకుని మాట చెప్పి సెలవు తీసికొందును. అతని చిరుగుల ప్యాంటును గూర్చి తరువాత విచారించితిని. జీన్సను ఆ ముతకగుడ్డ ప్యాంటు అమెరికాలో పనివారి కొరకు పుట్టినది. జేబులకు రాగి మేకులు బిగించి కుట్టు పద్ధతికి 1873లో అచ్చట పేటెంటు ఇచ్చిరి. దానికి దగ్గరి చుట్టమైన 'డంగరీ' అను గుడ్డపేరు మన బొంబాయిలోని డోంగ్రీ అను చోటినుండి పోయినది. కూలివాని గుడ్డ లోకము చుట్టివచ్చి ధనవంతుని వేషమైనది. కూలివాని మోకాలి చిరుగును సైతము వెలకు తెచ్చినది. నవ్వవలసినదే కాని, శపింపవలసినది కాదు.

నేను తల యూపిన తరువాత ఒక గడియకు అతడు కొండ దిగి వచ్చెను. ఒక ముసలమ్మ అతని చేయి పట్టుకొని, మెట్టు మెట్టునకు ఆగుచు దిగుచున్నది. అతని నాయనమ్మ యట. ఆమె కట్టినది పాత నేతచీర. దాని చెంగు గాలికి ఎగిరి చిరుగుల ప్యాంటునకు చుట్టుకొనుచుండగా, అతడు జాగ్రత్తగా విడదీసి ఆమె చేతికిచ్చి, మరల చేయి పట్టుకొనుచుండెను. తరువాత నేను వానిని మరియొక ప్రశ్న అడిగితిని. "నాయనా, మీ నాయనమ్మగారి చీర ఎక్కడ నేసినదో తెలుసునా?" అని. "తెలీదండి" అని, అక్కడనే ఆమెవైపు తిరిగి, "నాయనమ్మా, ఇది ఎక్కడిదే?" అని అడిగెను. ఆమె మొగము వికసించినది. మెట్లమీదనే కూర్చుండి చెప్పుట కారంభించినది.

స్వామి దయవలన మన యిండ్లలోను అట్టి ప్రశ్నలు పుట్టుగాక.